పొగగొట్టం మొదట్లో పగుళ్ళు

గురువు నాగలింగయ్య గారి ఇంటి పొగగొట్టం పగిలింది. పొగ పైకి పోవడం మానేసి వంటింట్లోనే కాపురం పెట్టింది. ఈగ లోపలికి వెళ్తే కాకి అయి బయటికొచ్చేది. అక్కడ ఉండి చదువుకునే శిష్యులందరికీ వండిపెట్టే ఓబులేసు కళ్ళు పండుమిరపకాయలైపోయాయి. కోపమంటారా, అది ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు ఊరి పొలిమేర దాటింది.

"మొత్తం పడగొట్టి కొత్తది కట్టించాల సామీ," అన్నాడు గురువు ముందు నిలబడి. "లేదంటే ఇప్పుడే మూట కట్టుకుని పోతా. జ్ఞానం ఇంకో గురువు దగ్గరైనా దొరుకుతాది, కళ్ళు దొరకవు!"

వెనకాల తోటి శిష్యుడు చెన్నప్ప నసిగాడు. పగుళ్ళు పూడ్చీ పూడ్చీ అతని గోళ్ళలో మట్టి వదలడం లేదు.

"పైన గొట్టం రాయి మాదిరి ఉంది సామీ. పగిలేదంతా పొయ్యి దగ్గరే. ఎన్నిసార్లు మెత్తినా మళ్ళీ ఆడనే నోరు తెరుస్తాంది."

"నీ మెత్తుడు అట్లేడ్చింది!" ఓబులేసు అరిచిన అరుపుకి చూరు మీది పావురాలన్నీ పక్క జిల్లాకి లేచిపోయాయి. "మట్టి కలపడం కూడా రాదు నీ మొహానికి!"

గురువు లేచాడు. "పదండి, చూద్దాం."

పొయ్యి భగభగా మండుతోంది. ఆయన ఆ పొగలోనే పీట వేసుకుని కూర్చున్నాడు. దగ్గలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఓబులేసు కాచిన అంబలి ముంతలో పోయించుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడు.

"ఉప్పు కషాయంరా ఇది. ఎవరు కాచింది?"

అంతే. ఓబులేసు ఒళ్ళంతా నిప్పంటుకుంది.

"తెల్లారిన కాడి నుంచీ ఈ పొగలో చస్తావుంటే ఉప్పంటారా? ఇంక నేను వండను, పోండి!"

కడవెడు నీళ్ళు ఎత్తి, అలిగినప్పుడల్లా పోసినట్టే, మండే పొయ్యిలో గుమ్మరించాడు.

ఠాప్!

గుప్పున ఆవిరి లేచింది. పొయ్యి వెనక, గొట్టం మొదట్లో, నిన్న చెన్నప్ప మెత్తిన చోటు పక్కనే ఇటుక నిలువునా చీలింది. ఆ చీలిక సన్నగా, నల్లగా పైకి పాకింది. ఓబులేసు కళ్ళముందే.

 ఖాళీ కడవ అతని చేతిలో ఏనుగంత బరువెక్కింది.

"కొత్తది కట్టించమంటావా?" గురువు మామూలుగా అడిగాడు.

ఓబులేసు  కడవ దించాడు. పెరట్లోకి పోయి, చెన్నప్ప కలిపి ఉంచిన బంకమట్టి ముద్ద తెచ్చుకుని పొయ్యి పక్కన చతికిలబడ్డాడు.

గురువు ముంతలో మిగిలిన అంబలి ఆఖరి చుక్కదాకా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు సరిగ్గానే ఉందిలేరా."

ఓబులేసు తల తిప్పలేదు. ఇటుక మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా కాలుతోంది. మట్టి ముద్ద ఒళ్ళో పెట్టుకుని, ఇటుక చల్లారేదాకా కూర్చున్నాడు.