తల లేని చేప

నూకాలు చేసిన తప్పు ఒక్కటే. డబ్బాలో తల కనిపించలేదని తల సంగతే మర్చిపోయింది. దానివల్ల ఆమె వేళ్ళకు స్పర్శ పోయింది, ఇంట్లో పిల్లి పోయింది. ఇంకొన్నాళ్ళు అలాగే సాగి ఉంటే కూతురి కడుపులో బిడ్డకు కూడా ముప్పు వచ్చేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. చెప్తాను. మధ్యలో లేచి నీళ్ళు కావాలంటే మాత్రం ఇవ్వను, ఇప్పుడే తాగు.

తాగావా? సరే.

అనగనగా సముద్రం పక్కన, ఇసుక దిబ్బల వెనక, నల్లరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో చిరిగిన వలలు బాగుచేసే నూకాలు. కళ్ళు మూసుకుని ముడి వేసేది. వేసిన ముడి ఊడేది కాదు. ఇంట్లో ఆమె అత్త గురమ్మ ఉండేది. కూతురు మంగ ఉండేది. మంగకు ఆరో నెల, వాంతులు తగ్గక పుట్టింటికి వచ్చింది. ఇంకా బుడిగి అని బూడిదరంగు పిల్లి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. వలలో చేప పడగానే ఆడవాళ్ళు ముందు దాని తల చూసేవాళ్ళు. తల దోసిట్లో పడితే చిన్న చేప, రోజూ వండుకోవచ్చు. దోసిట్లో పట్టకపోతే పెద్ద చేప, వారానికి ఒక్క పూటే. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. వాళ్ళ అమ్మమ్మలు చెప్పారు, వీళ్ళు చేశారు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలు వేట ఆపేశారు. పడవలన్నీ ఇసుకలో బోర్లా పడుకున్నాయి. మగవాళ్ళు వేరే ఊళ్ళకు పనికి వెళ్ళారు. చేప లేకుండా నూకాలుకు ముద్ద దిగలేదు. నాలుగు రోజులు పప్పు తిని అయిదో రోజు విసుక్కుంది.

అప్పుడు రోడ్డు మీద కామేశు కొట్లో డబ్బాలు కనిపించాయి. గుండ్రటి డబ్బాలు, పైన చేప బొమ్మ. మూత లాగితే చాలు, లోపల తెల్లటి ముక్కలు. ముల్లు లేదు, పొలుసు లేదు, తల లేదు.

"ఏ చేప ఇది?" అంది నూకాలు.

"ట్యూనా. అంటే మన సూర చేపే అక్కా," అన్నాడు కామేశు.

"సూరంటే పెద్దది కదరా?"

"డబ్బా చూడు, అరచేతిలో పట్టేసింది. ఇంకేటి పెద్దది?"

నూకాలు డబ్బాను దోసిట్లో పెట్టి చూసింది. పట్టింది. ఇంకేం, తెచ్చుకుంది.

ఒక రోజు పులుసు. ఒక రోజు ఇగురు. ఒక రోజు ఉల్లిపాయ వేసి వేపుడు. ఆ తర్వాత మళ్ళీ పులుసు. డబ్బా అడుగున మిగిలింది బుడిగికి. ఖాళీ డబ్బాలు కడిగి గోడ గూట్లో వరసగా పేర్చింది. అత్త గురమ్మ మాత్రం ముట్టలేదు.

"తల సూడకుండా తింతన్నావు," అంది గురమ్మ.

"తల ఎక్కడుందత్తా చూడ్డానికి? నీకు పళ్ళు లేవని ముట్టట్లేదు గానీ."

"పళ్ళు లేవు. కళ్ళున్నాయే."

నెల దాటింది. మంగకు అంతవరకూ చేప వాసన పడేది కాదు. డబ్బా చేపకు పెద్దగా వాసన లేదు. ఒక పూట కొంచెం రుచి చూసింది, వాంతి కాలేదు. మర్నాడు ఇంకొంచెం అడిగింది. నూకాలు సంతోషపడి సగం డబ్బా కంచంలో వేసింది.

అప్పుడు మొదలైంది.

మొదట నాలుక. చారు తాగినా, మజ్జిగ తాగినా, ఇనప మేకు చప్పరించినట్టు ఉండేది.

ఆ తర్వాత వేళ్ళు. వేళ్ళ చివర్లో చీమలు పాకేవి. విదిలిస్తే పోయేవి కావు. నూకాలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వేసిన ముడి ఊడిపోయింది. సూది గుచ్చుకుంటే రక్తం చూశాక గానీ తెలియలేదు.

ఆ తర్వాత బుడిగి. ఒక పొద్దున పెరట్లో వంకరగా నడిచింది. నడిచి నడిచి ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. తిరుగుతూనే గూట్లో ఉన్న డబ్బాల వైపు చూసింది. అలాగే సముద్రం వైపు వెళ్ళిపోయింది. పిలిస్తే ఆగలేదు. పిల్లి నీళ్ళలోకి దిగడం ఎప్పుడైనా చూశావా? నూకాలు చూసింది.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు నూకాలు గుమ్మంలో నిలబడింది. దూరంగా అలల మీద ఏదో మెరిసింది. మనిషంత పొడుగు, నున్నటి వెండి ఒళ్ళు. అంతే కనిపించింది, మునిగిపోయింది.

రెండో సాయంత్రం అది బోర్లించిన పడవల మధ్య ఉంది. నీళ్ళు లేవు, ఇసుకే ఉంది. ఇసుక మీద ఈదుతోంది. దాని వెనక తడి చార. నూకాలు తలుపు వేసి గడియ పెట్టింది. వేళ్ళకు స్పర్శ లేక గడియ పడిందో లేదో మూడుసార్లు చూసుకుంది.

మూడో సాయంత్రం తలుపు కింద నుంచి ఉప్పునీళ్ళు వచ్చాయి. నూకాలు పెరటివైపు పారిపోదామని తిరిగింది. అది అప్పటికే వంటింట్లో ఉంది.

దానికి తల లేదు. తల ఉండాల్సిన చోట డబ్బా మూతలాగా గుండ్రంగా, చదునుగా మెరుస్తోంది. తల లేదు కాబట్టి నోరూ లేదు. మాట మాత్రం వచ్చింది. గూట్లో ఉన్న ఖాళీ డబ్బాలన్నిట్లోంచీ ఒకేసారి వచ్చింది.

"నా తల ఏది?"

నూకాలు గోడకు ఆనుకుంది. "నేను చూడలేదు," అంది.

"చూసి ఉంటే రోజూ తినేదానివా?"

నూకాలు గూట్లో డబ్బాల వైపు చూసింది.

"చిన్నవి నలుసంత పాదరసం మింగాయి," అన్నాయి డబ్బాలు. "వాటిని పెద్దవి మింగాయి. ఆ పెద్దవాటిని నేను మింగాను. ఏళ్ళ తరబడి మింగాను. ఎవరి నలుసు వాళ్ళకు చిన్నదే. నాలో అన్నీ పోగయ్యాయి. ఇప్పుడు నీ దగ్గరున్నాయి. నీ దగ్గర్నుంచి ఎక్కడికి పోతాయి?"

ఆ చేప మెల్లగా తిరిగింది. తల లేని మెడను గది వైపు చాచింది. ఆ గదిలో చాప మీద మంగ పడుకుని ఉంది. చెయ్యి పొట్ట మీద వేసుకుని ఉంది.

నూకాలు అరవలేదు. మంగ కంచంలో పెట్టడానికి తీసి ఉంచిన డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని వెనక్కి లాక్కుని గుండెకు ఆనించుకుంది. "అక్కడికి పోనివ్వను," అంది. "నీ తల నేను గీస్తాను. రోజూ చూస్తాను. నువ్వు వెళ్ళు."

పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసింది. వంటింటి గోడ మీద గీయడం మొదలుపెట్టింది. వేళ్ళకు పట్టు తెలియక బొగ్గు రెండుసార్లు జారింది. గీత వంకర పోయింది. అయినా గీసింది. దోసిట్లో పట్టని తల. చేటంత తల. గుండ్రటి కళ్ళు పెట్టి వెనక్కి తిరిగేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది. నేల మీద తడి మాత్రం ఉంది.

గురమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి గోడ చూసింది.

"ఇదేటే, దెయ్యమా?"

"చేప తలత్తా."

"మూతి వంకరగుంది," అంది గురమ్మ. "పర్లేదు. కళ్ళున్నాయి."

మర్నాడు నూకాలు మంగను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి నర్సమ్మ అంతా విని కోప్పడింది.

"చేప మంచిదే. డబ్బా చేపా మంచిదే, బలం. రోజూ ఎవరు తినమన్నారు? పెద్ద చేపలో పాదరసం పేరుకుంటుంది. ఆపితే మెల్లగా ఒంట్లోంచి పోతుంది. నెలలు పడుతుంది, ఓపిక పట్టు. ఈ పిల్ల కొన్నాళ్ళేగా తిన్నది, భయం లేదు. చేప మాత్రం మాన్పించకు. కవళ్ళు, నెత్తళ్ళు పెట్టు. చిన్న చేపలు బిడ్డకు మంచివి."

అప్పుడు నూకాలు ఇంటికి వచ్చి గూట్లో డబ్బాలన్నీ తీసేసింది. వేట మొదలవగానే మంగకు కవళ్ళ పులుసు పెట్టింది. మొదటి రోజు మంగ ముక్కు మూసుకుంది. రెండో రోజు తిట్టింది. మూడో రోజు ఇంకో ముక్క వెయ్యమంది.

బుడిగి తిరిగి రాలేదు. రాదు. అది అడగకు.

ఆ తర్వాత మంగకు ఆడపిల్ల పుట్టింది. నూకాలు మంచం పక్కన కూర్చుని చూపుడు వేలు చాచింది. పిల్ల పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. అన్నాళ్ళూ సూది గుచ్చినా తెలియని వేలు అది. పిల్ల గుప్పిట వెచ్చగా ఉందని ఆ వేలికి తెలిసింది.

నూకాలు ఆ రోజే ఒక నిర్ణయం తీసుకుంది. డబ్బా చేప వారానికి ఒక్కటి, గురువారం నాడు. గోడ మీద తల వైపు ఒకసారి చూసి, అప్పుడు మూత లాగి, ఉప్పునీళ్ళు వంపేయాలి. మిగతా రోజులు చిన్న చేప. పండగ వచ్చినా, చుట్టాలు వచ్చినా, కామేశు రెండు డబ్బాలు చేతిలో పెట్టినా, గురువారం ఒక్కటే. ఇంటికి సున్నం వేయించిన ప్రతిసారీ ఆ తలను చెరిపి మళ్ళీ గీసింది. మూతి ప్రతిసారీ వంకరే వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్క వారం కూడా తప్పలేదు.

దోసిట్లో తల పడితే రోజూ తిందాం,
పట్టని తలైతే గురువారం తిందాం.
తల లేని చేప తన నీళ్ళకు మరలింది,
కథ కంచి చేరింది, కన్ను కునుకు కోరింది.