మేడ మీద నుంచి పిలుపు

మా పెదతాతగారు భద్రాచారిగారు ఇళ్ళు కట్టించే స్థపతి. విశ్వకర్మకి దండం పెట్టుకోనిదే గజంబద్ద ముట్టేవారు కాదు. ఆయనకి కోపం రావడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు, ఆ ఒక్కరోజు తప్ప, అని మా నాయనమ్మ చెప్పేది.

ఆ రోజు ముందు కోపం వచ్చింది శిష్యుడు చిదంబరానికి. చీరాలలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్ళు పోయిన నేతవాళ్ళకి కొత్త మేడలు గియ్యమని గురువుగారు అతనికే అప్పగించారు. కింద మగ్గాలన్నిటికీ ఒకే పెద్ద హాలు. పైన రెండంతస్తుల్లో కాపురాలు. నెల్లాళ్ళు కూర్చుని గీశాడు. తెల్లవారితే పునాదులకి ముగ్గు పొయ్యాలి.

నేతవాళ్ళు తలదాచుకున్న సత్రానికి గురువుగారితో కలిసి వెళ్ళి కాగితం చూపిస్తే, నాంచారమ్మ అనే ఆవిడ దాన్ని పక్కకి తోసేసింది.

"మా అత్త మంచాన పడి ఉంది బాబూ. లేపి కూర్చోబెడితే తప్ప కూర్చోలేదు. నేను కింద నేస్తుంటే పైన ఆవిణ్ణి ఎవరు చూస్తారు? నీ హాలు చూసిద్దా?"

"పని పనే, ఇల్లు ఇల్లే! వంటింట్లో మగ్గం పెట్టుకుని ఇంకా ఎన్నాళ్ళు బతుకుతారు?" అని అరిచాడు చిదంబరం. "మంచి చెబితే వీళ్ళకి ఎక్కదు. చూడండి గురువుగారూ!"

"చూస్తున్నా."

గురువుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మూలనున్న రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టు. నేను పిలిస్తే రా."

అని సత్రం మేడెక్కి, అక్కడున్న మంచం మీద పడుకున్నారు.

"చిదంబరం! మంచినీళ్ళు."

ఇచ్చి వచ్చాడు. కూర్చున్నాడో లేదో మళ్ళీ కేక. దుప్పటి జారిపోయిందట. తర్వాత ఈగలు. తర్వాత తనని పక్కకి తిప్పమన్నారు. దిగొచ్చేసరికి నూలు తెగి ఉంది. ముడేశాడు. మళ్ళీ తెగింది.

"ఒక్క కండె కూడా నిండలేదేం బాబూ?" అంది నాంచారమ్మ. "సాయంత్రానికి ఇరవై కావాలి మాకు."

పదకొండో పిలుపుకి అతను మెట్ల మధ్యలోనే ఆగిపోయాడు.

"ఎన్నిసార్లండీ! నేను మనిషిని కానా?"

గురువుగారు లేచి పైమెట్టు మీదకి వచ్చారు.

"ఒక్క పూటకే నీకింత కోపం వచ్చిందే. ఆవిడకి జన్మంతా ఇదే గీశావు కదరా!"

చిదంబరం దిగొచ్చి, కాగితం వెనక్కి తిప్పి, నాంచారమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మగ్గంలో కూర్చుంటే మీకు పొయ్యి ఏ చేతివైపు ఉండాలి?"