తొడిమకు చుట్టిన దారం

ఆశ్రమానికి వచ్చి ఎవరేమి అడిగినా గురువు ఈరమ్మ తల్లి ముందుగా ఏదో ఒక పని చెప్పేది. ఆ రోజు శివలీల అడిగినప్పుడూ అంతే. చేతికి కత్తెర ఇచ్చి, ఆశ్రమం వెనక దానిమ్మ చెట్లలో పుచ్చిన కాయలు తీసెయ్యమని పంపింది.

శివలీలను చిన్నప్పటినుంచి పెంచింది ఆమె అన్న ఓబులేసు. తల్లిదండ్రులు పోయాక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని సాకాడు, నర్సు చదువు చదివించాడు, తాను పెళ్లి మాట తలపెట్టలేదు. ఆమెకొచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో వంక పెట్టి తిప్పి పంపాడు. ఇప్పుడు ఆమెకు బళ్లారి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. “నువ్వు పోతే నేనెవరికోసం కుట్టేది?” అని అన్నం మానేశాడు. చెల్లెలి వెంట ఆశ్రమానికి వచ్చి వసారాలో ముడుచుకొని కూర్చున్నాడు.

“అమ్మా, అది ప్రేమ అనుకుంటే నాకు ఊపిరాడదు. కాదనుకుంటే పాపం చేసినట్టుంటుంది. ఏమనుకోను?” ఇదీ ఆమె అడిగింది.

చెట్ల మధ్య ఆమెకొక వింత కాయ కనిపించింది. తొడిమ ఎండి ఎప్పుడో విడిపోయింది. అయినా కాయ రాలలేదు. లాగి చూస్తే, తొడిమనుంచి కొమ్మకు సన్నని పట్టుదారాలు చుట్టి ఉన్నాయి. కాయకున్న రంధ్రానికి ఏదో మూత బిగించినట్టుంది. పుల్లతో తాకితే ఆ మూత కదిలింది. అది ఒక పురుగు వెనకభాగం.

శివలీల దాన్ని కొమ్మతో సహా కత్తిరించి తెస్తే, ఈరమ్మ తల్లి కాయను రెండుగా విప్పింది. గింజలన్నీ నల్లబడి గుల్లయ్యాయి. “తిన్నది ఇదే,” అంది. “రాలకుండా కట్టిందీ ఇదే. కాయ పడిపోతే దీనికి తిండీ ఉండదు, ఇల్లూ ఉండదు.”

శివలీల పురుగును నలిపేయబోయింది. అప్పటికి ఓబులేసు లేచి వచ్చాడు. దారాన్ని వేలితో మీటి, “ఎంత గట్టిగా వేసింది కుట్టు,” అన్నాడు. “చంపొద్దులే పాపా,” అని కాయను దగ్గరికి మూసి బుట్టలో పెట్టాడు. ఆ పూట అడగకుండానే అన్నం తిన్నాడు. శివలీలకు అతని మీద జాలి కలిగింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

ఉద్యోగంలో చేరడానికి గడువుంది కనుక ఇద్దరూ అక్కడే ఆగారు. ఒక ఉదయం కాయలోని పురుగు సీతాకోకచిలుకై బుట్ట అంచున కనిపించింది. మూసిన రెక్కల చివర వెంట్రుకల్లాంటి తోకలు, వాటి మొదట్లో కన్నులాంటి నల్ల చుక్క. తోకలు మీసాల్లా ఆడుతుంటే తల అటేననుకున్నారు ఇద్దరూ. అది సరిగ్గా ఎదురువైపుకు ఎగిరిపోయింది.

వెళ్లే రోజు ఓబులేసే చెల్లెలి పెట్టె భుజాన పెట్టుకొని రోడ్డు వైపు ముందుగా నడిచాడు. శివలీల గురువు కాళ్లకు మొక్కి, లేవకుండానే అడిగింది.

“పోతున్నానమ్మా. కానీ మా అన్నకున్నది ప్రేమో ఏమిటో నాకు ఇంకా తెలియలేదు.”

ఈరమ్మ తల్లి దూరంగా నడుస్తున్న మనిషిని చూస్తూ అంది:

“అతనికీ తెలియదు తల్లీ. బస్సొస్తోంది, పో.”