పెద్దదొరగారి మాట

ఆషాఢ శుద్ధ దశమి, శుక్రవారం, పొద్దున తొమ్మిది గంటలకు కోనవరం దివాణంలో సుభద్రాయమ్మగారు పూజ ముగించుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. కాలం చేసిన భర్త పెద్దదొరగారి మాట, ఎప్పుడో రికార్డయినది, అందులో ఒక్కటే మిగిలింది. ఎంత పెంచినా కంప్యూటరు ఫ్యాన్ల హోరులో మునిగిపోయేది. అయినా ఆవిడ రోజూ చెవి ఆనించి కళ్ళు మూసుకునేవారు.

"ఆరు ఫ్యాన్లమ్మా! హోరు వీధి చివరికి వినపడాలి. దివాణమంటే అదీ!" అనేవాడు కొడుకు జగపతి. ఒక్కటీ మార్చనిచ్చేవాడు కాదు.

ఆవేళ దుమ్ము దులపడానికొచ్చిన మెకానిక్కు తవిటయ్య ఆవిడ తడికళ్ళు చూసి, తనూ చెవి ఆనించాడు.

"బాబూ, పెద్దదొరగారు తమరి పేరే అంటున్నారండి. తమరి గురించే ఏదో సెలవిస్తున్నారు. ఈ హోరులో ఎలా వింటారు?"

జగపతి మీసం దువ్వుకున్నాడు. "నా గురించా? పీకెయ్యరా వాటిని!"

పాతవి నేరుగా కరెంటుకు కలిపినవి, ఎప్పుడూ పరుగే. తవిటయ్య వాటిని తీసి, రెండే రెండు వెడల్పాటి ఫ్యాన్లు బిగించి, వేడిని బట్టి మెల్లగా తిరిగేట్టు కంప్యూటరు లోపలి బోర్డుకు కలిపాడు. గది గర్భగుడిలా సద్దుమణిగింది. పెద్దదొరగారి గొంతు స్పష్టంగా పలికింది.

"ఒరే జగ్గూ, గోల చెయ్యకు నాన్నా. అమ్మ ఇప్పుడే పడుకుంది."

సుభద్రాయమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "ఇంకోసారి పెట్టు నాయనా."

"నీకు ముందే వినపడిందిరా!" అన్నాడు జగపతి తవిటయ్యతో.

"దొరగారి మాట దొరగారే చెప్పాలి గదండీ."

మర్నాడు బాగా పొద్దెక్కినా ఆవిడ హాయిగా నిద్రపోతూనే ఉన్నారు. వంటింట్లో గిన్నె చప్పుడు కాలేదు. పనివాళ్ళు సైగలతోనే మాట్లాడుకున్నారు. జగపతి కిర్రుచెప్పులు చేత్తో పట్టుకుని అమ్మ గది దాటాడు.