చిటికెలో లేచిన టెంట్

నర్సీపట్నంలో వరహాలు అనే డ్రాయింగ్ మాస్టారు ఉండేవాడు. ఏ పనైనా చిటికెలో అయిపోవాలన్నదే అతని తొందర.

ఒకసారి భార్యాబిడ్డలతో లంబసింగి కొండమీద టెంట్ వేసుకుని ఓ పగలంతా గడపాలని అతనికి సరదా పుట్టింది. కూతురు పావనికి జ్వరం తగ్గి నాలుగు రోజులే అయింది.

“వస్తాను గానీ, పిల్ల తడిసిందా, మీదే పూచీ,” అంది భార్య కనకం.

“నాదే పూచీ!” అన్నాడు వరహాలు.

దుకాణంలో అప్పలకొండ అనే ముసలి పనివాడు రెండు మడత టెంట్లు చూపించాడు. నీలిరంగుది నాలుగు కాళ్లూ లాగగానే టక్కున లేచి నిలబడింది. రెండోది బరువు. దానికి మందపాటి కాళ్లు, పైన గాలి పోయే సందు, కట్టుకోవడానికి తాళ్లు, నేలలో దిగ్గొట్టడానికి ఇనుప గూటాలు ఉన్నాయి.

“ఈ బరువుది తీసుకోండి బాబూ. ముప్పై ఏళ్లు షామియానాలు కట్టినోణ్ని. పందిరికి గుడ్డ కాదు, గూటం సూడాలి,” అన్నాడు అప్పలకొండ.

వరహాలుకు నవ్వొచ్చింది. “గూటాలూ తాళ్లూ ఎందుకయ్యా? నేను టెంట్ కొంటున్నానా, గేదెను కొంటున్నానా?” అని నీలిదే పట్టుకొచ్చాడు.

కొండమీద ఆ టెంట్ నిజంగానే చిటికెలో లేచింది. పక్కవాళ్లు మెచ్చుకుంటే వరహాలు కాలరు సవరించుకున్నాడు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఒక్క గాలి విసురుకు టెంట్ చిటికెలో ఎగిరి, కాళ్లు విరిగి, లోయలో పడింది. వెంటనే వాన దంచికొట్టింది. వరహాలు పావనిని ఎత్తుకుని పరుగెత్తాడు.

“ఇటు రండి బాబూ, పిల్ల తడిసిపోతంది!” అని ఒక ముసలమ్మ కేకేసింది.

అది ఆమె గేదెల పాక. తాళ్లతో గూటాలకు బిగించిన ఆ గడ్డి పాక గాలికి కిర్రుమంది గానీ కదల్లేదు. ముసలమ్మ పిల్ల తల తుడిచి గొంగడి కప్పింది. పక్కనే గూటానికి కట్టిన గేదె తాపీగా నెమరు వేస్తోంది.

“మీకంటే ఇదే నయం. గూటం ఉన్న చోటే చూసుకుంది,” అంది కనకం.

పావనికి మళ్లీ మూడు రోజులు జ్వరం కాసింది. వరహాలు ఆ మూడు రోజులూ మంచం పక్కనే కూర్చుని కుమిలిపోయాడు. పిల్ల తేరుకున్నాక దుకాణానికి వెళ్లాడు.

“గూటాలున్న ఆ టెంట్ ఇవ్వు తాతా.”

“గేదెను కొన్నారా బాబూ?” అన్నాడు అప్పలకొండ.

“లేదు తాతా. గేదె దగ్గర పాఠం నేర్చుకున్నాను.”

చిటికెలో లేచేదాన్ని చూసి మురిసిపోకూడదు. గాలికి నిలిచేదాన్నే నమ్ముకోవాలి.