తోకకూ మీసానికీ ఒకే దువ్వెన

ఒకానొకప్పుడు వేగులపాడు అని గోరంత రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండవర్మ మాత్రం కొండంత రాజు. సభలోకి ముందు ఆయన మీసం వచ్చేది, తరువాత ఆయన వచ్చేవాడు. ఆయన ఆజ్ఞను తప్పన్నవాడు లేడు. రాజవైద్యుడు ఒకసారి అని చూశాడు గాని, పాపం, ఆ నెలంతా సభలో గోడవైపు తిరిగి కూర్చోవలసి వచ్చింది.

ఆ రాజుకు పవనరేఖ అనే తెల్లగుర్రం ఉండేది. ఉగాది ఊరేగింపుకు పొరుగురాజు వస్తాడనీ, ఆయన గుర్రం తోక నేలను ఊడుస్తుందనీ ఎవరో చెప్పారు. అంతే, ఉద్దండవర్మకు అన్నం సహించలేదు.

“మన గుర్రం తోక అంతకంటే ఒత్తు కావాలి. రోజూ ఇనుపదువ్వెనతో మొదలునుంచి కొసదాకా లాగి దువ్వండి. దువ్వేకొద్దీ పెరుగుతుంది,” అని ఆజ్ఞ వేశాడు.

దువ్వేకొద్దీ పెరిగింది దువ్వెనలో చిక్కిన వెంట్రుకల కుప్పే. శ్రావణమాసం వెళ్లేసరికి పవనరేఖ తోక ముసలి ఎలుక తోకలా తయారైంది.

రాజు గుర్రపుశాల పెద్ద బొల్లయ్యను పిలిపించి, “దోషం నీ చేతిలో ఉంది. ఎల్లుండి నేనే దగ్గరుండి చూస్తాను. అప్పుడూ రాలితే దేశం వదిలిపో,” అన్నాడు.

బొల్లయ్య లబోదిబోమంటూ తిమ్మసాని దగ్గరికి పరిగెత్తాడు. ఆమె రాణివాసంలో కథలు చెప్పే మనిషి. నాలుక పదును, గుండె మెత్తన.

“అమ్మా, ఆ దువ్వుడే దాని ప్రాణం తీస్తున్నదని దొరవారికి ఎలా చెప్పను?”

“నువ్వు చెప్పకు. నేనూ చెప్పను. ఆయన నోటితోనే ఆయనకు చెప్పిద్దాం,” అంది తిమ్మసాని.

వెంటనే రాజు దగ్గరికి వెళ్లింది. “ఏలినవారి గుర్రం తోకకూ ఏలినవారి మీసానికీ ఒకే జాతకమట ప్రభూ. రెంటికీ ఒకేసారి ఒకే సేవ జరిగితే రెండూ కలిసి పెరుగుతాయట.”

మీసం పెరుగుతుందంటే ఆ రాజు కాదంటాడా? “శభాష్. అలాగే జరగనీ,” అన్నాడు.

అనుకున్న రోజు పొద్దున్నే గుర్రపుశాల ముందు సింహాసనం వేశారు. ఇటు రాజు, అటు పవనరేఖ. రాజు ముందు మంగలి, గుర్రం వెనక బొల్లయ్య. ఇద్దరి చేతుల్లోనూ ఇనుపదువ్వెనలే. తిమ్మసాని నడుమ నిలబడింది. తననూ గోడవైపు కూర్చోబెడితే కథలు ఎవరికి చెప్పాలా అని ఆమె బెంగ.

మంగలి మీసం మొదట్లో దువ్వెన గుచ్చి ఒక్క లాగు లాగాడు. రాజు కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

“ఒరే, మెల్లగా.”

“బొల్లయ్యా, మెల్లగా అని ప్రభువుల ఆజ్ఞ,” అంది తిమ్మసాని.

“పొడిగా దువ్వుతావేమిరా? ముందు నూనె రాయి.”

“బొల్లయ్యా, ముందు నూనె.”

“మొదలునుంచి లాగితే ఊడదా? కొసనుంచి వేళ్లతో చిక్కు తియ్యి. ఆ ఇనుపముక్క అవతల పారెయ్యి.”

“బొల్లయ్యా, కొసనుంచి, వేళ్లతో. దువ్వెన పారెయ్యి.”

బొల్లయ్య దువ్వెన ఎంత దూరం విసిరాడంటే, అది గడ్డివామి దాటి పడింది.

రాజు చటుక్కున తల తిప్పాడు. “నా మీసం సంగతి నేను చెబుతుంటే, తోకకు చెబుతావేమిటి?”

“రెంటికీ ఒకే సేవ అన్నాం కదా ప్రభూ. నొప్పి అని చెప్పడానికి ఏలినవారికి నోరుంది. పవనరేఖకు తన్నడం ఒక్కటే వచ్చు. బొల్లయ్య మీది జాలితో అదీ మానుకుంది.”

రాజు మంగలి చేతిలోని దువ్వెన చూశాడు. అందులో నాలుగు రాజవెంట్రుకలు గాలికి ఊగుతున్నాయి. ఆయన బొజ్జ ముందు కదిలింది, తరువాత భుజాలు కదిలాయి, ఆపైన నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే మీసం మంట, మంట పుడితే మరింత నవ్వు. మంగలి నవ్వాడు, భటులు నవ్వారు, చివరికి బొల్లయ్య కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఆనాటినుంచి పవనరేఖకు కుంకుడురసంతో స్నానం, ఆముదంతో మర్దన, వదులుగా అల్లిన జడ. ఉగాదినాటికి ఆ తోక వింజామరలా విచ్చుకుంది. పొరుగురాజు దాన్ని చూసి తన గుర్రాన్ని పక్కవీధిలోంచి నడిపించుకుపోయాడు.

ఉద్దండవర్మ నిండుసభలో, “తిమ్మసానీ, నీకు ‘వాలవిద్యాధరి’ అని బిరుదిస్తున్నాను,” అన్నాడు.

“మన్నించండి ప్రభూ. వాలమంటే తోక అని మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. రేపటినుంచి నన్ను తోకమ్మ అంటారు.”

రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. బిరుదు మానేసి, బంగారు కడియం తన చేత్తోనే ఆమెకు ఇచ్చాడు.