చిత్తం అనని చిలక

అనగనగా ఒక రాజు. రాజన్నాక కిరీటం ఉంటుంది కదా, ఈ రాజుకు ఆ కిరీటమంటే ప్రాణం. ఊ కొట్టండర్రా! మీరు ఊ కొట్టకపోతే నేను చెప్పను. వినేవాళ్ళు లేని కథ నాకెందుకు?

ఆ రాజు పేరు మణికేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నోరు తెరిస్తే ఆజ్ఞ. నడిమివాడు మధుకేతు, నోరు తెరిస్తే పొగడ్త. చిన్నవాడు నీలకేతు. వాడు నోరు తెరిచేదే తక్కువ, తెరిస్తే "ఆ తర్వాత?" అనేవాడు. వాళ్ళమ్మ కథలు చెప్పి చెప్పి వాణ్ణలా తయారుచేసింది.

ఒకనాటి ఉదయం ఆవిడ వాడికి కొత్త కథ మొదలుపెట్టింది. ఒక రాజు కిరీటంలో పిచ్చుక గూడు కట్టి గుడ్లు పొదుగుతోంది. ఆ రోజే రాజు కొలువు తీరాలి. "కిరీటం కోసం రాజు చెయ్యి చాచాడు..." అంటుండగానే వేటకు రమ్మని అన్నలు కేకేశారు. "వచ్చాక మిగతాది చెబుతాలేరా నాన్నా" అంది తల్లి.

కొడుకులు అటు వెళ్ళారో లేదో, మాయల కంకాళుడు సభలోకి దిగాడు. "రాజా! నీ కిరీటమైనా ఇయ్యి, నీ జనం గొంతులైనా ఇయ్యి. గొంతులిచ్చేటట్టయితే చిత్తం అను, చాలు" అన్నాడు. రాజు కిరీటాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని "చిత్తం" అన్నాడు. సిగ్గులేని పని! రాజైతే మాత్రం, సిగ్గులేని పనిని సిగ్గులేని పని అనకూడదా?

అంతే. ఆ రాజ్యంలో ఎవరేం అనబోయినా ఒక్క మాటే వచ్చేది. "ఎక్కడ నొప్పే తల్లీ?" అనబోయిన అమ్మ "చిత్తం" అనేది. ఏడుస్తున్న పాప కూడా "చిత్తం" అనేది. ఇల్లంటుకున్నవాడు వీధిలో పడి "చిత్తం, చిత్తం" అని అరిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వేటకని పొలిమేర దాటిన అన్నదమ్ముల గొంతులు మాత్రం పోలేదు. వేట నుంచి వచ్చిన నీలకేతు తల్లి దగ్గర కూర్చుని "ఆ తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని "చిత్తం" అంది.

"ఈ గొంతులిక కంకాళుడివి" అని సభ గోడ మీద వాడు రాసిపోయింది చూసి నీలకేతుకు ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మ మాట తెచ్చేదాకా ఈ ఇంట్లో ముద్ద ముట్టను" అని లేచాడు. అన్నలూ వెంట నడిచారు.

కంకాళుడి కోట ఏడు సముద్రాల అవతల ఉంది. ఒడ్డున కొండంత తాబేలు ఒకటి పడుకుని ఉంది. "ఏయ్! మమ్మల్ని దాటించు!" అన్నాడు రణకేతు. తాబేలు తల లోపలికి లాక్కుంది. "తాబేళ్ళ చక్రవర్తీ! తమ అందం చంద్రుడికైనా ఉందా?" అన్నాడు మధుకేతు. "నా మొహం నాకు తెలుసులే" అని తాబేలు లోపల్నించే విసుక్కుంది. నీలకేతు ఇసుకలో కూర్చుని "తాతా, నీ డిప్ప మీద ఆ పగులేమిటి?" అని అడిగాడు.

తాబేలు తల బయటపెట్టింది. "మూడొందల ఏళ్ళలో ఆ మాట ఒక్కడూ అడగలేదురా!" అని చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా చెప్పింది. అన్నలు విసుగెత్తి ఇంటికి పోయారు. నీలకేతు ఊ కొడుతూనే ఉన్నాడు.

"ఈ పగులు కంకాళుడి ఇనప చెప్పులదేరా మనవడా" అంది చివరికి తాబేలు. "వాడు నా వీపెక్కే సముద్రాలు దాటుతాడు. తాబేలుకు చెవులుండవనుకుని గొణుక్కుంటాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. అది రోజూ చిత్తం అన్నంతకాలం వాడికి చావు లేదు. దాని మెడ నులమబోయిన వాళ్ళంతా రాళ్ళయిపోయారు."

"మరి నేనేం చెయ్యాలి తాతా?"

"నా దగ్గరేం చేశావు? అదే చెయ్యి. ఎక్కు."

ఏడు సముద్రాలు దాటి నీలకేతు కోటలోకి వెళ్ళాడు. పంజరం చుట్టూ చేతులు చాచిన రాతి మనుషులున్నారు. నీలకేతు చేతులు వెనక్కి కట్టుకుని "చిలకమ్మా, నీ కథేమిటి?" అన్నాడు.

"పుట్టినప్పటినుంచీ ఈ పంజరంలోనే ఉన్నాను. నాకు కథెక్కడిది?" అంది చిలక.

"అయితే మా అమ్మ కథ విను" అని పిచ్చుక కథ ఎత్తుకున్నాడు.

ఇంతలో కంకాళుడు వచ్చి పడ్డాడు. "ఎవడ్రా నువ్వు? చిత్తం అను!"

"అనను" అన్నాడు నీలకేతు. మోకాళ్ళదాకా రాయైపోయాడు. కథ మాత్రం ఆపలేదు. "ఆ తర్వాత?" అంది చిలక.

"చిత్తం అను!" "అనను." నడుందాకా రాయైపోయాడు. "ఆ తర్వాత?" అంది చిలక.

"చిత్తం అనరా!" "అనను." మెడదాకా రాయైపోయాడు. "కిరీటం కోసం రాజు చెయ్యి చాచాడు..." అని నీలకేతు ఆగిపోయాడు.

"ఆ తర్వాత?" చిలక పంజరం ఊచలకు ముక్కు ఆనించింది.

"నాకు తెలీదు చిలకమ్మా. మిగతాది మా అమ్మ గొంతులో ఉంది. ఆ గొంతును నీ యజమాని బంధించాడు."

చిలక కంకాళుడి వైపు తిరిగింది. వాడు పంజరం దగ్గరికి పరుగెత్తాడు. "చిలకా, వీడి మాట వినకు. చిత్తం అను!"

"అనను."

"ఒసే, నా ప్రాణం పోతుందే!"

"పోతే పోనీ. పిచ్చుక ఏమైందో నాకు తెలియాలి!"

కంకాళుడి ప్రాణం చిలక ముక్కులోంచి తుమ్ములా బయటికి పోయింది. వాడు బూడిదకుప్పై కూలాడు. నీలకేతు కాళ్ళూ చేతులూ కదిలాయి. రాతి మనుషులంతా ఒళ్ళు విరుచుకున్నారు.

చిలకను భుజమ్మీద పెట్టుకుని నీలకేతు ఇంటికొచ్చేసరికి రాజ్యం సంతలా గోలగోలగా ఉంది. ఎంత బాగుందో ఆ గోల! తల్లి నిండు సభలో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కథ అందుకుంది.

"రాజు చెయ్యి చాచాడు. పిచ్చుక బెదరలేదు. 'ఇందులో నా పిల్లలున్నారు. కిరీటం లేకపోతే నువ్వు రాజువి కావా?' అంది. రాజు చెయ్యి వెనక్కి తీసుకుని బోడితలతోనే కొలువుకు వెళ్ళాడు. జనం ఆయన్ని మనసారా మహారాజా అని పిలిచింది ఆ రోజే."

సభంతా ఊ కొట్టింది. మణికేతుడు ఒక్కడే తల దించుకున్నాడు. "కథ చెప్పావా, నన్ను తిట్టావా?" అన్నాడు.

"కథే చెప్పాను. మీకు తగిలిందా?" అంది రాణి.

ఆయన లేచి, కిరీటం తీసి చిన్నకొడుకు చేతుల్లో పెట్టాడు.

మంత్రి కూతురు చంపకవల్లిని నీలకేతుకు ఖాయం చేశామని పెద్దలంటే, ఆ పిల్ల "నన్నడిగారా?" అంది. నీలకేతు వెళ్ళి అడిగాడు. మూడు రోజులు ఆలోచించి సరేనంది. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. వాళ్ళు నిండు నూరేళ్ళు ఏలారు. కొలువులో ఎవరైనా చిత్తం అంటే, "అది సరే, నీకేమనిపిస్తోంది?" అని అడిగి, చెప్పేదాకా రాజు ఆగేవాడు.

కథ ఇప్పటికే కంచికి వెళ్ళాలి. కానీ ఆ చిలక వదలడంలేదర్రా, ఇంకా "ఆ తర్వాత?" అంటూనే ఉంది.